లోవకుమారి లెక్క

రాజ్యం బళ్ళో కూర్చుని చచ్చిపోయిన వాళ్ళమ్మతో మాట్లాడుతోందని నూకరత్నం అందట. కుళాయి దగ్గర బిందె నిండేలోగా మా ఆవిడతో అంది. మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తూ అంది.

"మగ్గం మీద చీర సగంలో వదిలేసి పోయింది కదండీ లోవకుమారి. అది కోసి కిందికి దించేదాకా ఆవిడ ఇల్లు వదలదట. మగ్గం గుంటలోంచి పిలుస్తుందట, పిల్ల బళ్ళోంచి ఊఁ కొడుతుందట. మీరు చూళ్ళేదా?"

నూకరత్నం ఇల్లు వాళ్ళ గోడకి ఇవతలే. ఆవిడ చెప్పేదాంట్లో పప్పు ఒక వంతు, తాలింపు మూడు వంతులు. అయినా నేను అన్నం కలపడం ఆపేశాను. ఎందుకంటే చూశాను.

మా గోరింటతిప్ప బళ్ళో అయిదో తరగతికి పద్దెనిమిది మంది పిల్లలు, మాస్టర్ని నేనొక్కణ్ణే. సముద్రం పాత రోడ్డు మింగేశాక ఊరు వెనక్కి జరిగింది గానీ, మగ్గాలు మాత్రం ఇంటికొకటి అలాగే ఉన్నాయి. రాజ్యలక్ష్మి భావన్నారాయణ కూతురు. ఊరంతా రాజ్యం అంటారు. నిరుడు లెక్కల్లో దాన్ని కొట్టేవాడు లేడు. నేను బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోగా జవాబు చెప్పేసి, మిగతావాళ్ళు చేసేదాకా కిటికీలోంచి కాకుల్ని చూసేది.

తొమ్మిది రోజుల జ్వరంతో తల్లి పోయి అయిదు నెలలైంది. అప్పట్నించీ పిల్ల వస్తుంది, కూర్చుంటుంది, అంతే. తెల్ల కాగితం ఇస్తే తెల్ల కాగితమే తిరిగొస్తుంది. పెదాలు కదులుతుంటాయి. కుడిచేతి వేళ్ళు బల్ల అంచు మీద ఏదో ఏరుతున్నట్టు ఆడుతుంటాయి. పిలిస్తే పలకదు. ముట్టుకుంటే ఊరుకోదు. ఆ ముందు వారం పక్కనున్న హారిక రబ్బరు అడుగుతూ మోచేత్తో పొడిచింది. రాజ్యం దాని చెయ్యి రక్తం వచ్చేలా కొరికేసి, తర్వాత తనే బల్ల కింద దూరి గంటసేపు ఏడ్చింది. "పోయింది, మళ్ళీ మొదట్నించి" అని ఏడ్చింది. ఏం పోయిందే అంటే చెప్పదు.

హారిక తండ్రి బడి మీదికొచ్చాడు. నేను పై ఆఫీసుకి కాగితం పెట్టాను. జరిగిందంతా ఆ కాగితం వల్లే జరిగింది. అది ముందే ఒప్పుకుంటున్నాను.

*

కాకినాడ నుంచి డాక్టర్ సుభాషిణి గారు వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. తరగతి గదిలోకి వస్తూ చెప్పులు గుమ్మంలో విడిచారు. అది చూసి నాకు సగం ధైర్యం వచ్చింది. ఆవిడ సంచిలోంచి తీసిన వస్తువుకి ఏదో పొడుగు పేరుంది. పిల్లలు దాన్ని పట్టీ అన్నారు, చివరికి ఆవిడ కూడా పట్టీ అనే అన్నారు. నుదుటి మీంచి చెవుల వెనక్కి పోయే మెత్తటి పట్టీ.

"మాటకి నడకుంటుంది మాస్టారూ," అన్నారు. "లేస్తుంది, పడుతుంది, ఆగుతుంది. మనసుపెట్టి వింటే అదే నడక మన బుర్రలోనూ నడుస్తుంది. ఈ పట్టీ గదిలో నడకనీ బుర్రలో నడకనీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఎంత కలిస్తే అంత హాజరు."

ముందు నా తలకి పెట్టించుకున్నాను. ఆవిడ అయిదు నిమిషాలు ప్రభుత్వ నిబంధనలు చదివారు. తెర మీద యాభై నాలుగు పడింది.

"మిగతా నలభై ఆరూ ఎక్కడికి పోయాయి మేడం?"

"అది మీకే తెలియాలి."

తెలుసు. పొద్దున్న మా ఆవిడ అన్న మాటొకటి బుర్రలో ఈగలా తిరుగుతోంది. పిల్లలు నవ్వారు. వాళ్ళ తలలకీ పెట్టాం. హారికకి ఎనభై. ఎప్పుడూ నిద్రపోయే గణేష్‌కి అరవై రెండు వస్తే వాడే నమ్మలేదు.

రాజ్యానికి పదకొండు.

"అంటే బుర్ర ఖాళీగా ఉందాండి?"

"ఖాళీ కాదు, నిండుగా ఉంది. మిగతా ఎనభై తొమ్మిదీ ఎవరి మాట వెంటో నడుస్తోంది." ఆవిడ తెర నా వైపు తిప్పారు. "ఆ మాట ఈ గదిలో లేదు."

పట్టపగలు, పద్దెనిమిది మంది పిల్లల మధ్య, నాకు నూకరత్నం మాట గుర్తొచ్చింది.

బయట వరండాలో అసలు సంగతి చెప్పారు. ఇరవై ఒక్క రోజులు పట్టీ పెట్టి చూస్తారు. చివరి రోజు సాయంత్రం అయిదింటికి హాజరు నలభై ఉండాలి. లేకపోతే కొత్త చట్టం ప్రకారం మా రిజిస్టర్లోంచి పేరు తీసేసి కాకినాడ ప్రత్యేక కేంద్రానికి పంపాలి. అక్కడే హాస్టలు. ఏడాదికి రెండుసార్లు ఇల్లు.

"అక్కడ ఏం చేస్తారు?"

"తండ్రి సంతకం పెడితే సన్నటి కరెంటుతో బుర్రలోని ఆ ప్రతిధ్వనిని అణిచేస్తారు. పెట్టకపోతే మామూలు చదువే. పంపడం మాత్రం తప్పదు. ఆ అంకె పట్టీలోంచి నేరుగా పైకి వెళ్తుంది, నా చేతిలో లేదు."

ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళాం. నట్టింట్లో గుంట మగ్గం, దాని మీద ఆకుపచ్చ చీర, పైన దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంది. భావన్నారాయణ మాకు కుర్చీలు వేసి తను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఓ మూల అతని తల్లి పేరంటాలు రాట్నం మీద దారం కండెలు చుడుతోంది. సుభాషిణి గారు ఫారం తీసి ఒక్కో ప్రశ్నా అడిగారు. నిద్ర, తిండి, భయాలు, జబ్బులు.

"పాప ఇంట్లో ఏమైనా పని చేస్తుందా?"

"లేదండి," అన్నాడతను. "మా పిల్ల మగ్గం ముట్టదండి." అని నా వైపు చూశాడు.

నేను ఆ చూపుని గౌరవం అనుకున్నాను. రెండేళ్ళ క్రితం కార్మిక శాఖ అధికారిని వెంటేసుకుని గడప గడపా తిరిగి, నలుగురు పిల్లల్ని మగ్గాల మీంచి లేపి బళ్ళో వేసినవాణ్ణి నేనే. ఈ ఇంటికీ వచ్చాను. "మా పిల్ల బడికే వస్తంది కదా మాస్టారూ, సాయంత్రం పూట నా పక్కన కూర్చుంటది, అంతే," అంది లోవకుమారి. పక్కన కూర్చోడం కూడా పనేనని చెప్పి తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నాను. పేపర్లో నా ఫోటో కూడా పడింది.

డాక్టరు పట్టీ గురించి వివరిస్తుంటే పేరంటాలు రాట్నం ఆపకుండానే అంది. "మా ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. ఆ పట్టీ ఏదో నాకెట్టి చూడండి, నేనెంత హాజరో తెలుస్తది. ఈ పిల్లకి తల్లి పోయి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే కొలవడానికొచ్చేశారు."

"మీకు పరీక్షలు లేవు కదమ్మా," అన్నారు సుభాషిణి గారు నవ్వుతూ.

"ఉంటే తప్పేదాన్నే."

*

ఎనిమిదో రోజు భావన్నారాయణనీ నన్నూ కాకినాడ ల్యాబుకి రమ్మన్నారు. గదిలో పెద్ద స్పీకరు.

"బుర్రలో నడకని వెనక్కి తిప్పి చప్పుడు చేశాం. మాటలు రావు, నడకే వస్తుంది," అన్నారు సుభాషిణి గారు. "పొద్దున్న ప్రార్థనతో మొదలై సాయంత్రం గంట కొట్టేదాకా ఒకటే వరస. మధ్యలో ఎవరైనా కదిపితే మళ్ళీ మొదటికి వెళ్తుంది. వారం నుంచీ ఇదే. మాకు ఇందులో అర్థమేమీ దొరకలేదు. మీకేమైనా తెలుస్తుందేమో వినండి."

మీట నొక్కారు. గోడ అవతల ఎవరో మాట్లాడుతుంటే మాట తెలీకుండా ఎత్తూ పల్లం మాత్రం వినపడుతుందే, అలా ఉంది. చిన్నగా లేచి, కాస్త పడి, మళ్ళీ లేచి. అలా నాలుగుసార్లయ్యాక ఒక చిన్న ఆగుడు. మళ్ళీ మొదలు.

భావన్నారాయణ నేల వైపు చూస్తూ విన్నాడు.

"ఏమైనా తెలిసిందా?"

"తెలీదండి," అన్నాడు.

"అయితే ఇది అర్థంలేని ఆవృత్తి అనే రాయాలి. ఇలాంటి పిల్లలకి కేంద్రమే మేలు." ఆవిడ గొంతులో కాఠిన్యం ఏమీ లేదు. అందుకే నాకు భయం వేసింది.

తిరుగు ఆటోలో ఇద్దరమే. సముద్రం వైపు రాళ్ళకట్ట పక్కనుంచి పోతున్నాం. యథాలాపంగా చూస్తే, మోకాలి మీద అతని కుడిచేతి వేళ్ళు కదులుతున్నాయి. ఏరుతున్నాయి, వదులుతున్నాయి, నాలుగయ్యాక ఆగి, పక్కనుంచి లేనిదేదో అందుకుంటున్నాయి. బల్ల అంచు మీద రాజ్యం వేళ్ళు ఆడినట్టే.

"భావన్నారాయణా, నీకు తెలుసు," అన్నాను.

వేళ్ళు ఆగిపోయాయి.

"నాతో చెప్పకపోతే ఎవరితో చెప్తావయ్యా?"

"మీతోనే చెప్పకూడదనుకున్నామండి," అన్నాడు. కాసేపు సముద్రం వైపు తిరిగాడు. "అది మా లోవ గొంతండి. మాట తెలక్కపోయినా మనిషి తెలీదా? నాలుగు ఎత్తులకోసారి ఆగుద్ది, కండె మార్చుకోడానికి. అయిదొదులు, మూడెత్తు, ఒకటొదులు, మూడెత్తు. మొగలిపువ్వు లెక్కండి అది."

అప్పుడు మొత్తం చెప్పాడు. నేను సంతకం తీసుకెళ్ళిన మర్నాటి నుంచి తలుపు గడియ పెట్టుకుని రాజ్యం తల్లి పక్కన కూర్చునేది. బలవంతం ఏమీ కాదు, అక్కడ తప్ప ఇంకెక్కడా కూర్చునేది కాదు. తల్లి లెక్క పిలుస్తుంటే పిల్ల దారాలు ఎత్తేది. ఈ చీరలో మొగలి తీగ లోవకుమారి సొంతం. కాగితం మీద గీయలేదు, నమూనాని దారాల్లో కట్టి దాచుకునే జాల కూడా కట్టలేదు. వరస వరసకీ మారే లెక్క, అంతా ఆవిడ బుర్రలోనే. చీర ఒళ్ళంతా నేసింది. కొంగు మిగిలింది. జ్వరం వచ్చింది.

"ఆ తొమ్మిది రోజులూ పిల్లని పక్కన కూచోబెట్టుకుని ఏదో గొణుగుతానే ఉందండి. నేను మందులకీ ఆస్పత్రికీ తిరుగుతున్నాను. మా అమ్మ జ్వరం పేలాపనంది. కాదండి. కొంగు లెక్క మొత్తం పిల్లకి అప్పజెప్పింది."

"నేను లేచేదాకా పట్టుకుని ఉండవే, వదిలేయకు" అందట తల్లి. పెద్దయ్యాక ఆ మాట రాజ్యమే నాతో చెప్పింది. అప్పటికి మాకు తెలీదు. అయిదు నెలలుగా పదేళ్ళ పిల్ల నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు ఆ లెక్క మోస్తూ, ఎవరు తగిలినా తొణికి మళ్ళీ మొదట్నించి నింపుకుంటోంది. మేం దాని తెల్లకాగితాలు చూసి జబ్బన్నాం. ఫారంలో "లేదు" అని రాసిన ఒక్క మాట వెనక ఇంత ఉంది. ఆ మాట రాయించింది నేను.

*

సుభాషిణి గారితో చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. మర్నాడే పట్టీకి చెవిపోగంత స్పీకరు తగిలించుకుని వచ్చారు. పిల్ల బుర్రలో నడిచేది పిల్ల చెవిలోనే వినిపిస్తుంది, అప్పుడు ఎవరు తగిలినా వరస తప్పదు. పిల్ల పైకి చెప్తుంది, తండ్రి నేస్తాడు. బరువు దిగుతుంది, హాజరు పెరుగుతుంది.

"పిల్ల మగ్గం ముట్టకూడదు," అన్నాను, పాత అలవాటు.

"మీరే అరుగు మీద కాపలా ఉండండి మాస్టారూ, ఎవరైనా అధికారి వస్తే పరీక్ష అని చెప్పండి," అన్నారావిడ. రాట్నం దగ్గర పేరంటాలు ముసిముసిగా నవ్వుకోవడం నాకు కనపడింది.

రోజూ బడి వదిలాక గంటన్నర. భావన్నారాయణ దుప్పటి తీసి గుంటలో దిగాడు. రాజ్యం స్తంభం పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది.

"అయిదొదులు, మూడెత్తు. ఒకటొదులు, మూడెత్తు. కండె మార్చు."

అయిదు నెలల తర్వాత ఆ పిల్ల గొంతు గట్టిగా వినడం అదే. అచ్చం తల్లి ఆగే చోటే ఆగేది. భావన్నారాయణ తల ఎత్తకుండా వేళ్ళతో దారాలు లేపి, చిన్న కండె దూర్చి, అడ్డపోగు నాడె విసిరి, పోగు బిగిసేలా పలక లాగి కొట్టేవాడు. ఆకుపచ్చ మీద పసుపు ఆకు మొన తేలింది. గోడ అవతల నూకరత్నం ఇంట్లో టీవీ చప్పుడు ఆగిపోయింది.

హాజరు పద్నాలుగు. పంతొమ్మిది. ఇరవై ఏడు. పదమూడో రోజు నేను బోర్డు మీద భిన్నాల లెక్క రాసి తిరిగేలోగా వెనకనుంచి జవాబు వచ్చింది. నేను సుద్దముక్క కింద పడేశాను. హారికకి రబ్బరు ఇచ్చింది. సగం విరిచి మరీ ఇచ్చింది. మా ఆవిడతో చెబితే ఆవిడ కుళాయి దగ్గర చెప్పింది, కుళాయి దగ్గర నూకరత్నం ఆ చీర దిగిపోతే లోవకుమారి పైకి వెళ్ళిపోతుందని తేల్చింది.

తాలింపే అనుకున్నాను.

పద్దెనిమిదో రోజు ముప్పై తొమ్మిది. కొంగులో చివరి మొగలిపువ్వు, దాని మొన మూసే ఒక్క వరస మిగిలింది. చీకటి పడొస్తోందని ఆ వరస మర్నాటికి ఉంచాడు భావన్నారాయణ. చేతులు తుడుచుకుని ఫోను తీశాడు. చాలా రోజుల తర్వాత అతని మనసు తేలిగ్గా ఉంది. ఎవరిదో పెళ్ళిలో తీసిన వీడియో పెట్టాడు. లోవకుమారి వియ్యపురాల్ని ఆటపట్టిస్తోంది. "ఏటి వదినా, లడ్డూలు లెక్కెట్టుకుని తెచ్చావా, మా వాళ్ళని చూసి తెచ్చావా?" చుట్టూ నవ్వులు.

రాజ్యం గుమ్మంలో కూర్చుని హోంవర్కు రాసుకుంటోంది. తల ఎత్తకుండా అడిగింది.

"ఎవరు నాన్నా ఆ మాట్లాడేది?"

"ఎవరేటే, మీ అమ్మ." నవ్వుతూనే అన్నాడు.

పిల్ల లేచి వచ్చి ఫోనులోకి వంగి చూసింది. మళ్ళీ పెట్టమంది. పెట్టాడు. వేలితో బొమ్మ ముట్టుకుంది.

"అమ్మే," అంది. "గొంతు ఎవరిది?"

రాట్నం ఆగిపోయింది. ఆ ఇంట్లో అది ఆగడం నేను మొదటిసారి విన్నాను.

*

సుభాషిణి గారు మర్నాడు పొద్దున్నే వచ్చారు. వరండాలో నిలబెట్టి అడిగాను.

"పైకి వచ్చింది మళ్ళీ లోపల మోగదు," అన్నారు. "చెప్పిన వరస చెప్పినట్టే ఖాళీ అవుతుంది. దాంతోపాటు ఆ గొంతూ. అమ్మ గొంతుని పట్టుకుని తిరిగిందంతా ఆ లెక్కలోనే కదా. ఇంతకుముందు పిల్లల్లోనూ ఇలాగే జరిగింది."

"మీకు ముందే తెలుసన్నమాట."

"తెలుసు."

"మాకు చెప్పలేదు."

"మీరు నాకు అన్నీ చెప్పారా మాస్టారూ?" అని ఆగారు. తర్వాత గొంతు తగ్గించారు. "చెప్పుంటే ఒప్పుకునేవారా? పిల్ల భిన్నాలు చేస్తోంది. ఎవర్నీ కొరకడం లేదు. నేను ఏది చూడాలి?"

తలుపు వెనక రాజ్యం పుస్తకాల సంచి పట్టుకుని నిలబడి ఉంది. అంతా వింది. ఎంతసేపట్నించో తెలీదు.

ఆ సాయంత్రం స్తంభం పక్కన నిలబడింది గానీ నోరు విప్పలేదు. మర్నాడూ అంతే. భావన్నారాయణ గుంటలో కూర్చుని, పలక మీద చెయ్యి వేసుకుని, చీకటి పడేదాకా చూసి లేచిపోయాడు. తనకి తోచినట్టు ఆ వరస మూసెయ్యొచ్చు కదా అన్నాను. "పువ్వు మూసుకుంటదండి," అన్నాడు. "పిల్ల బుర్రలోది అలాగే ఉంటది. ఆ వరస దాని నోట్లోంచే రావాలి." పట్టీ పెడితే ముప్పై తొమ్మిది. మళ్ళీ ముప్పై తొమ్మిది. బళ్ళో వేళ్ళు బల్ల అంచు మీదికి వచ్చాయి. చిన్నగా, ఒక్క వరస మాత్రమే, రోజంతా.

ఇరవయ్యో రోజు నేను సుభాషిణి గారికి ఫోను చేశాను.

"మేడం, మేం ముప్పై నాలుగొచ్చినవాడికి ముప్పై అయిదు వేసి ఎంతమందిని గట్టెక్కించామో లెక్కలేదు. ఒక్క మార్కు."

"నాకు పెన్నుంటే వేసేదాన్నే మాస్టారూ. ఇందులో పెన్ను లేదు."

*

ఇరవై ఒకటో రోజు శుక్రవారం. నాలుగున్నరకి ఆ ఇంట్లో చేరాం. సుభాషిణి గారు చెప్పులు గుమ్మంలో విడిచి, పట్టీ తీసి రాజ్యం తలకి జాగ్రత్తగా పెట్టారు. కుర్చీ మీద పెట్టిన తెరలో ముప్పై తొమ్మిది. పక్కనే గడియారం. అయిదు కొట్టగానే ఏ అంకె ఉంటే ఆ అంకె పైకి పోతుంది.

భావన్నారాయణ గుంటలో దిగి నాడె చేతిలో పట్టుకున్నాడు. కొంగు మీద ఆకుపచ్చ నేలలో పసుపు మొగలిపువ్వు, ముళ్ళ ఆకులతో సహా నిండుగా ఉంది. మొన దగ్గర ఇంకా తెరుచుకునే ఉంది.

"నువ్వు చెప్పవయ్యా పిల్లకి," అన్నాను.

"ఏం చెప్పమంటారండి?" అన్నాడు. "పిల్ల వెళ్ళిపోతే నేను ఉండలేను. ఆ వరస నేస్తే..." నాడె వైపు చూసుకున్నాడు. "నా చేత్తో నేనే లోవని పంపినట్టు ఉంటదండి. నా వల్ల కాదు. దాని ఇష్టం."

నాలుగూ నలభై అయిదు. రాజ్యం స్తంభాన్ని ఒక చేత్తో చుట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. చెవిలో చిన్న స్పీకరు దానికి ఏం చెప్తోందో దానికే తెలుసు.

నేను దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. మాస్టరుగా నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. హాస్టల్లో ఒక్కదానివే ఉండాలి. సంకటం వచ్చినా నాన్న ఉండడు, మామ్మ ఉండదు. ఏడాదికి రెండుసార్లే. ఆ ఒక్క వరసా చెప్పేస్తే అన్నీ ఉంటాయి, బడి ఉంటుంది, హారిక ఉంటుంది. అమ్మ కూడా నువ్వు చదువుకోవాలనే కోరుకునేది.

చివరి మాట అనగానే కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఆ సంతకం తీసుకున్న రోజు లోవకుమారి కూడా నన్ను అలాగే చూసింది. నేను లేచి గోడ దగ్గరికి వెళ్ళిపోయాను.

పేరంటాలు రాట్నం చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి ఉంచింది. గోడ అవతల నూకరత్నం దగ్గు వినిపించింది.

నాలుగూ యాభై ఎనిమిది.

సుభాషిణి గారు తెర వదిలేసి వచ్చి పిల్ల ముందు నిలబడ్డారు.

"ఒక్క వరస తల్లీ. చెప్పేయ్. నిన్నెవరూ ఎక్కడికీ పంపరు. ఇంటి దగ్గరే ఉంటావు."

రాజ్యం పెదాలు ఆగాయి. మగ్గం వైపు చూసింది, తండ్రి వైపు చూసింది.

"చెప్పేస్తే ఇంటి దగ్గర ఎవరుంటారండి?"